నడుంనొప్పి కాదు

లిఫ్టులు బాగుచేసే అతనికి ఒక్కతే కూతురు, పదేళ్లది. ఇంట్లో అందరూ ఆ పిల్లను లాయరు అని పిలుస్తారు. మాటలు వచ్చిన దగ్గర్నుంచీ ఎవరేమన్నా గుర్తుపెట్టుకుని, వారం పోయాక కూడా "ఆరోజు అలా అనలేదుగా" అని నిలదీయడం ఆ పిల్ల అలవాటు. పేరు పెట్టింది వాళ్లమ్మే. కూతురు ప్రశ్నలు మొదలుపెట్టినప్పుడల్లా "మా లాయరు లేచింది, ఇక మీ తిప్పలు మీరు పడండి" అని నవ్వి తప్పుకునేది.

ఆ అమ్మను ఒక మంగళవారం ఆసుపత్రిలో చేర్చారు. పిల్ల బడిలో ఉన్న సమయం చూసి మరీ చేర్చారు. సాయంత్రం లాయరు ఇంటికి వచ్చేసరికి అమ్మ లేదు, అమ్మమ్మ ఉంది.

"అమ్మకి నడుంనొప్పి. కదలకుండా పడుకోవాలన్నారు. అందుకే ఆసుపత్రిలో ఉంచాం," అంది అమ్మమ్మ.

కాసేపటికి మావయ్య ఫోన్ చేశాడు. అతనికి అక్క సంగతి తెలుసు గానీ, మేనకోడలికి ఏం చెప్పారో తెలియదు. "మీ అమ్మని షాపువాళ్లు ట్రైనింగుకి పంపించారు. కొత్త మిషన్లు వచ్చాయంట. పది రోజుల్లో వచ్చేస్తుందిలే," అన్నాడు హుషారుగా.

చివరగా నాన్న వచ్చాడు. చేతులకున్న గ్రీజు కడుక్కుంటూ, కూతురి వైపు చూడకుండా, "జ్వరం తల్లీ. అంటుకునే రకం. పిల్లల్ని రానివ్వరు," అన్నాడు.

అబద్ధమైనా అతికినట్టుండాలంటారు. ఆ ఇంట్లో మూడు అబద్ధాలు ఒకే సాయంత్రం ఒకదానికొకటి ఎదురుపడ్డాయి. అన్నాల దగ్గర లాయరు మూడింటినీ పక్కపక్కన పెట్టింది.

"నడుంనొప్పి ఉన్నవాళ్లు ట్రైనింగుకి ఎలా వెళ్తారు? అంటుకునే జ్వరమైతే నిన్న అమ్మ నా పక్కనే పడుకుంది కదా, మరి నాకెందుకు రాలేదు?"

"మాట్లాడకుండా తిను," అంది అమ్మమ్మ.

"ముగ్గురిలో ఎవరిది నిజం?"

"తినమంటున్నాగా," అన్నాడు నాన్న.

పిల్ల తినేసి కంచం తీసుకెళ్లి కడిగి పెట్టింది. మర్నాడు అడగలేదు. ఆ తర్వాత రోజూ అడగలేదు. అడగకపోవడం చూసి అతను భయపడి ఉండాల్సింది. భయపడలేదు సరికదా, గండం గడిచిందనుకున్నాడు.

భార్య యూనిఫాంలు కుట్టే ఒక షాపులో కటింగ్ మాస్టరు. బల్ల మీద ముప్పై పొరల గుడ్డ పరిచి, సుద్దగీత దాటకుండా ఒక్క ఊపున కోసేసే చెయ్యి ఆమెది. రెండు నెలల నుంచి ఆ చెయ్యి నెమ్మదించింది. ఇంటికొచ్చి పడుకునేది, కానీ నిద్రపోయేది కాదు. తల దువ్వుకోవడం కూడా పెద్ద పనైపోయింది. అతను మొదట అలసట అనుకున్నాడు. తర్వాత బద్ధకం అనుకున్నాడు, ఆ మాట పైకి కూడా అన్నాడు. "కాస్త బయట తిరిగితే అదే సర్దుకుంటుంది" అని సలహా చెప్పాడు. ఒకరోజు షాపు యజమాని ఫోన్ చేసి, "మీ ఆవిడ పొద్దుట్నుంచి కత్తెర పట్టుకుని గుడ్డ ముందు కూర్చునే ఉంది. కొయ్యట్లేదు, పలకట్లేదు. వచ్చి తీసుకెళ్లండి," అన్నాడు. ఆ మర్నాడు ఉదయం ఆమె అతనికి ఎదురుగా కూర్చుని, చాలా మామూలుగా, "పడుకుంటే ఇక లేవకపోతే బాగుండనిపిస్తోంది. రోజూ అనిపిస్తోంది. మీకు చెప్పాలనిపించి చెప్తున్నా," అంది. అతను ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు.

డాక్టరమ్మ మంచి మనిషే. డిప్రెషన్ అంది, మందులు రాసింది, కొన్నాళ్లు వార్డులో ఉంచడం మంచిదంది. అన్నీ విడమరిచి చెప్పింది. రెండు రోజుల తర్వాత అతన్ని తన గదికి పిలిపించి, "పాపకి చెప్పారా?" అని అడిగింది.

"జ్వరమని చెప్పామండీ."

"అలా వద్దు. నిజం చెప్పండి. వయసుకు తగ్గట్టు చెప్పండి."

"వయసుకు తగ్గట్టు అంటే ఎలా చెప్పాలండీ?"

ఆమె జవాబు మొదలుపెట్టేలోపు నర్సు వచ్చి పిలిచింది. డాక్టరమ్మ సొరుగులోంచి ఒక మడత కాగితం తీసి చేతిలో పెట్టి వెళ్లిపోయింది. దాని మీద అమ్మా నాన్నా పిల్లా నవ్వుతున్న బొమ్మ ఉంది. 'మీ బిడ్డతో ప్రశాంతమైన వాతావరణంలో మాట్లాడండి. బిడ్డ ప్రశ్నలకు ఓపికగా జవాబివ్వండి.' అతను ఆ కాగితం బస్సులో రెండుసార్లు చదివాడు. ఏ లిఫ్టు పుస్తకం తెరిచినా ఏ స్క్రూ ఎన్ని తిప్పులు తిప్పాలో రాసి ఉంటుంది. ఇందులో ఓపికగా ఉండమని రాసి ఉంది, అంతే. ఓపిక ఉన్నవాడికి కాగితం ఎందుకు? ఒంటికి కారం రాసుకున్నట్టు మండింది అతనికి.

ప్రశాంతమైన వాతావరణం కోసం అతను వెతకని చోటు లేదు. ఇల్లు చూస్తే రెండు గదులు. ఒకదానిలో అత్తగారు బట్టలు మడతపెడుతూ ఉంటుంది, రెండోదానిలో టీవీ మాట్లాడుతూ ఉంటుంది. పై అంతస్తువాళ్లు గోడకు చిల్లులు పెట్టిస్తున్నారు. శుక్రవారం సాయంత్రం ధైర్యం చేసి టీవీ కట్టేసి, కూతుర్ని మంచం మీద కూర్చోబెట్టుకున్నాడు.

"చూడు తల్లీ, అమ్మకి..."

అప్పటికే అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. "బాబూ, ఒక్కసారి ఇటు రండి," అని వంటగదిలోకి పిలిచి గొంతు తగ్గించింది. "పసిదానికి ఆ మాటలు దేనికి? రేపు బడిలో చెప్తుంది, ఎల్లుండి వీధంతా చెప్తుంది. పిచ్చిదాని కూతురంటారు. కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది."

"పిచ్చి కాదు అత్తయ్యా. జబ్బు."

"మీకు తెలుసు, నాకు తెలుసు. వీధికి తెలుసా?"

అతను మళ్లీ గదిలోకి వచ్చేసరికి లాయరు పుస్తకం తెరిచి లెక్కలు చేసుకుంటోంది. "ఏంటి నాన్నా, ఏదో చెప్తున్నావు?" అంది తలెత్తకుండా. "ఏం లేదులే," అన్నాడు. అన్నాక తన నాలుక తనే కొరుక్కోవాలనిపించింది.

సోమవారం ఇంకోసారి ప్రయత్నించాడు. బడికి నడిచే దారి పావుగంట. ఆ దారిలో అత్తగారూ ఉండదు, టీవీ ఉండదు. మొదటి మలుపు తిరగగానే గొంతు సవరించుకున్నాడు. వెంటనే జేబులో ఫోన్ మోగింది. ఒక ఆఫీసు లిఫ్టు నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది, లోపల ఒకావిడ ఉంది, ఊపిరాడట్లేదని ఏడుస్తోంది. అతను నడుస్తూనే ఆవిడతో మాట్లాడాడు. "అమ్మా, భయపడకండి. గాలి వస్తుంది, పైన కన్నాలున్నాయి చూడండి. కరెంటు హెచ్చుతగ్గులైతే అదే ఆగిపోతుంది, అది పడిపోవడం కాదు. నేను ఇరవై నిమిషాల్లో వస్తాను. మధ్యలో ఒక కుదుపు వస్తుంది, వచ్చినప్పుడు కంగారుపడకండి, అది నేనే." బడి గేటు వచ్చేదాకా అలా చెప్తూనే ఉన్నాడు.

ఫోన్ పెట్టేసి, "సరే తల్లీ, సాయంత్రం మాట్లాడుకుందాం," అన్నాడు.

లాయరు సంచి భుజాన సర్దుకుని, "ఆ ఆంటీకి ఏమైందో అంతా చెప్పావుగా," అని లోపలికి వెళ్లిపోయింది.

అతను గేటు దగ్గర నిలబడిపోయాడు. వెనక్కి పిలుద్దామంటే గంట కొట్టేశారు. పోనీ నిలబడదామంటే అక్కడ ఒక మనిషి పెట్టెలో ఇరుక్కుని ఉంది. తిట్టుకుంటూ పరిగెత్తాడు.

బడి నుంచి ఫోన్ వచ్చింది బుధవారం. అతను ఒక పన్నెండంతస్తుల భవనం పైన, మోటారు గదిలో ఉన్నాడు.

"పాప క్లాస్ టీచర్ని. మీరొకసారి రాగలరా? ఇంత జరిగితే మాకు ఒక్క మాటైనా చెప్పలేదేంటండీ," అంది ఆమె చాలా మెత్తగా. ఆ మెత్తదనం అతనికి అర్థం కాలేదు.

వెళ్లేసరికి టీచరు వరండాలోనే ఎదురొచ్చింది. చేతిలో ఒక ఫారం ఉంది. పిల్లల వివరాలు కొత్తగా రాసి ఇవ్వమని క్లాసులో పంచారట. తండ్రి పేరు, తండ్రి పని, ఫోన్ నంబరు అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసి ఉన్నాయి. తల్లి పేరు దగ్గర పేరుంది. పక్కన పని అన్న గడిలో 'కటింగ్ మాస్టరు' అని రాసి కొట్టేసి ఉంది. దాని కింద 'లేదు' అని ఉంది.

"పాపని అడిగితే, మా అమ్మ చనిపోయింది, ఇంట్లో నాకు చెప్పట్లేదు అంది. ఏడవను కూడా లేదు. నాకే ఏడుపొచ్చింది," అంది టీచరు.

అతను ఆ 'లేదు' మీద వేలు పెట్టాడు. "బతికే ఉందండీ," అన్నాడు. అది చెప్పుకోవాల్సి రావడమే అతనికి తలకొట్టేసినట్టనిపించింది.

ఆటసామాన్లు పెట్టే చిన్న గదిలో తండ్రీకూతుళ్లను కూర్చోబెట్టి టీచరు తలుపు దగ్గరగా వేసి వెళ్లింది. గదినిండా గాలిపోయిన బంతులు, చుట్టిపెట్టిన తాళ్లు, రబ్బరు వాసన. అతను ఒక చెక్కపెట్టె మీద కూర్చున్నాడు. లాయరు నిలబడే ఉంది.

"అలా ఎందుకు రాశావు తల్లీ?"

"తాతయ్య చనిపోయినప్పుడు కూడా ఇలాగే చేశారు. ఊరెళ్లాడన్నారు. మావయ్య ఇంకో ఊరు పేరు చెప్పాడు. రెండు నెలల తర్వాత చెప్పారు." పిల్ల వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. "అమ్మ ఫోన్ బీరువాలో ఉంది, స్విచాఫ్ చేసి. ట్రైనింగుకెళ్తే ఫోన్ తీసుకెళ్తారు. అమ్మమ్మ బాత్రూంలో కుళాయి తిప్పి ఏడుస్తోంది. నడుంనొప్పికి అంత ఏడవరు. జ్వరమైతే ఎన్ని డిగ్రీలో చెప్తారు, నువ్వు ఒక్కసారీ చెప్పలేదు. ఇంకేం రాయాలి?"

"అమ్మ బతికే ఉంది," అన్నాడు.

"అయితే ఫోన్ చెయ్యి."

చేశాడు. వార్డులో నర్సు ఎత్తింది. పేషెంట్లతో మాట్లాడే సమయం సాయంత్రం నాలుగు నుంచి ఐదు వరకు, అప్పుడు చెయ్యమంది. ఇప్పుడు పదకొండున్నర.

"ఒక్క నిమిషం చాలండీ. పిల్ల వాళ్లమ్మ చనిపోయిందనుకుంటోంది. హలో అంటే చాలు."

"అందరూ ఒక్క నిమిషమే అంటారు సార్. రూలు రూలే."

అతను అరిచాడు. ఆసుపత్రినీ, రూలునీ, నాలుగు గంటల్నీ కలిపి అరిచాడు. అవతల ఫోన్ పెట్టేశారు. తలెత్తి చూస్తే కూతురు కళ్లార్పకుండా తననే చూస్తోంది. సాక్ష్యం తెస్తానని వెళ్లి ఒట్టి చేతులతో వచ్చినవాడిని జడ్జి చూసినట్టు చూస్తోంది.

అప్పుడు చెప్పాడు. ప్రశాంతమైన వాతావరణం ఏమీ లేదు, పక్కన మైదానంలో ఈలలు వేస్తున్నారు, మాటలు ఒక వరసలో రాలేదు.

"అమ్మకి జబ్బు చేసింది. డిప్రెషన్ అంటారు. జ్వరం కాదు. నేను అబద్ధం చెప్పాను. నడుంనొప్పీ కాదు, ట్రైనింగూ కాదు. అవీ అబద్ధాలే. మనసుకొచ్చే జబ్బు... అంటే మెదడులో... నాకూ సరిగ్గా తెలీదు తల్లీ. అమ్మకి ఏ పనీ చెయ్యబుద్ధి కాదు. బాగా దిగులుగా ఉంటుంది. ఊరికే దిగులుగా ఉండటం కాదు, లేవలేనంత. మందులిస్తున్నారు."

"ఎలా వస్తుంది?"

"ఎలా అంటే... ఒక కారణమని చెప్పలేం."

"నా వల్లా?"

"ఛ. కాదు."

మరీ త్వరగా అన్నాడు. లాయరు ముఖం బిగుసుకుంది. "పోయిన వారం సోమవారం నేను అమ్మని అన్నాను. నువ్వెప్పుడూ పడుకునే ఉంటావు, వేరేవాళ్ల అమ్మలు ఇలా ఉండరు అన్నాను. మంగళవారం వచ్చేసరికి లేదు."

"అందువల్ల కాదు తల్లీ, ఒట్టు."

"మూడు అబద్ధాలు విన్నాను. ఇది కాదని నీ మాట మీద ఎలా నమ్మాలి?"

అతనికి కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు. ఎదురుగా ఉన్న బంతిని ఒక్క తన్ను తన్నాలనిపించింది. గాలిలేని బంతి, తన్నినా పోదు. కూర్చున్నచోటే కూర్చుని, "నమ్మకులే. నాలుగింటిదాకా ఆగు," అన్నాడు.

ఆ రోజు అతను పనికి తిరిగి వెళ్లలేదు. పిల్లల్ని ఆదివారం తప్ప లోపలికి రానివ్వరు కాబట్టి, ఇద్దరూ ఆసుపత్రికి రెండు వీధుల ఇవతల ఉన్న పార్కులో ఒక బెంచీ మీద కూర్చున్నారు. అతను రొట్టె కొనిచ్చాడు, పిల్ల సగం తిని సగం పిచ్చుకలకు వేసింది. గంటకు నాలుగుసార్లు టైమెంతైందని అడిగింది. నాలుగు కొట్టగానే ఫోన్ చేస్తే పది నిమిషాల దాకా లైను దొరకలేదు. అతని తలప్రాణం తోకకొచ్చింది.

దొరికాక లాయరు ఫోన్ లాక్కుంది. అవతల్నుంచి "అమ్మలూ" అని మెల్లగా, నిద్రలోంచి లేచినట్టు ఒక గొంతు వచ్చింది. పిల్ల వెంటనే నమ్మలేదు.

"నా స్కర్టు లోపల ఏం కుట్టావు?"

"రెండో జేబు. నీ రబ్బర్లు పడిపోతున్నాయని. లోపలికి కుట్టాను, బయటికి కనపడదు."

లాయరు ఫోన్ నాన్న చేతిలో పెట్టి, బెంచీకి అటు తిరిగి కూర్చుంది. వీపు కదులుతోంది గానీ చప్పుడు రాలేదు. అతను భుజం మీద చెయ్యి వేస్తే తోసేసింది.

తర్వాత మూడు రోజులు ఆ పిల్ల తండ్రితో మాట్లాడలేదు. అన్నం పెడితే తింది, చొక్కా ఇస్తే వేసుకుంది, మాట మాత్రం లేదు. నిజం చెప్తే పిల్ల మనసు తేలికవుతుందని ఆ మడత కాగితంలో ఉంది. తండ్రిని శత్రువులా చూస్తుందని రాసి లేదు. అతను ఆ కాగితాన్ని చింపి చెత్తబుట్టలో పడేశాడు.

శనివారం సాయంత్రం అత్తగారితో గొడవైంది. ఆదివారం పిల్లని ఆసుపత్రికి తీసుకెళ్తానని అతను చెప్పగానే ఆవిడ అన్నం గరిటె కింద పెట్టేసింది.

"అక్కడ ఎలాంటివాళ్లుంటారో తెలుసా? పిల్ల జడుసుకుంటుంది."

"ఎలాంటివాళ్లుంటారు అత్తయ్యా? మీ కూతురు ఉంటుంది."

"నా కూతురికి పిచ్చి అని నేనే చాటింపు వెయ్యాలా?"

"మీరు చాటింపు వెయ్యక్కర్లేదు. అబద్ధాలు చెప్పకుండా ఉంటే చాలు. మీ మాట విని నేను నోరు మూసుకున్నందుకు నా కూతురు బడికెళ్లి వాళ్లమ్మ చచ్చిపోయిందని రాసింది."

గొంతు పెరిగింది. పై అంతస్తులో గోడకు చిల్లులు పెట్టడం కూడా ఆగింది. ఆవిడ కుర్చీలో కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి గోడకు చెప్పుకుంటున్నట్టు మొదలుపెట్టింది.

"మా అమ్మ కూడా ఇలాగే పడుకుంది. నాకప్పుడు ఎనిమిదేళ్లు. ఆరు నెలలు లేవలేదు. తలుపేసి ఉంచేవాళ్లు. ఏమైందని అడిగితే చెంప పగిలేది. అడగడం మానేశాను. నేను అల్లరి చేస్తాననే పడుకుందనుకున్నాను. లేచాక కూడా ఆవిడ దగ్గర గట్టిగా మాట్లాడేదాన్ని కాదు. ఆవిడ పోయేదాకా అంతే." ఊపిరి తీసుకుని, "అయినా పెరిగాం కదా. ఎవరూ ఏమీ చెప్పకుండానే పెరిగాం," అంది.

అతనికి జాలి కలిగింది. జాలితో పాటు చిరాకూ కలిగింది. తన నోటితోనే అంతా చెప్పి, చివరికి మళ్లీ అదే చోటికి వచ్చి కూర్చుంది. "రేపు పదింటికి బయల్దేరతాం. మీరూ రండి," అన్నాడు. ఆవిడ రానంది. అన్నట్టే రాలేదు.

వార్డు పక్కన, రోగుల్ని కలిసే గదిలో ప్లాస్టిక్ కుర్చీలు, నీళ్ల డబ్బా, గోడగడియారం. అరగంట సమయం. భార్య నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది. ముఖం కాస్త ఉబ్బి ఉంది, జుట్టు ఎవరో దువ్విపెట్టారు. లాయరు పరిగెత్తబోయి ఆగింది. తల్లి కుర్చీలో కూర్చున్నాక ఎదురుగా కూర్చుని, సంచిలోంచి నోటుపుస్తకం తీసింది. మూడు రోజుల మౌనంలో పేజీ నిండా ప్రశ్నలు రాసుకుంది.

"మొదటిది. నీకు జబ్బు నా వల్ల వచ్చిందా?"

అతను నోరు తెరవబోయాడు. భార్య వద్దన్నట్టు చూసింది. ఆమె వెంటనే కాదనలేదు. ఆలోచించడానికి ఆమెకు టైము పట్టింది.

"సోమవారం నువ్వన్నది గుర్తుంది. బాధేసింది. కానీ అప్పటికే రెండు నెలలైంది నాకిలా మొదలై. నీ పరీక్షలప్పుడు, గుర్తుందా, నీ చొక్కా చెయ్యి తప్పు కోశాను? అప్పటికే ఉంది. నువ్వన్న రోజుకి నేను సరిగ్గా నిద్రపోయి ఎనిమిది రోజులు. నువ్వేమీ అనకపోయినా మంగళవారం ఇక్కడికే వచ్చేదాన్ని."

లాయరు 'పరీక్షలు, చొక్కా, ఎనిమిది రోజులు' అని రాసుకుంది. తండ్రి ఒట్టుకు దొరకని నమ్మకం ఆ లెక్కకు దొరికింది. అది చూసి అతనికి సంతోషమూ కలిగింది, ఉక్రోషమూ కలిగింది. తను చెప్పిందీ ఆ మాటే కదా.

"రెండోది. నాకూ వస్తుందా?"

"రావచ్చు, రాకపోవచ్చు. వస్తే ఎలా ఉంటుందో నీకు చెప్తాను. నాకెవరూ చెప్పలేదు, అందుకే ఏమవుతోందో తెలుసుకోవడానికే రెండు నెలలు పట్టింది. నీకైతే మొదటి వారంలోనే తెలుస్తుంది. తెలియగానే మాకు చెప్తావు."

"మూడోది." పిల్ల పుస్తకంలోకి చూసింది, తల్లి వైపు చూడలేదు. "చచ్చిపోవాలనుకున్నావా?"

"ఏం ప్రశ్నలవి," అన్నాడు అతను.

"అడగనివ్వండి," అంది భార్య. చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చెప్పింది. "అలాంటి ఆలోచన వచ్చింది. ఆ జబ్బుకి అదొక లక్షణం, జ్వరానికి ఒళ్లు కాలినట్టు. వచ్చిందని నాన్నకి చెప్పాను. చెప్పాను కాబట్టే ఇక్కడున్నాను. మళ్లీ వచ్చినా చెప్తాను. దాచను."

"నాకు చెప్తావా?"

"ముందు పెద్దవాళ్లకి చెప్తాను. అది మొయ్యాల్సింది నువ్వు కాదు. కానీ నువ్వు అడిగితే అబద్ధం చెప్పను."

లాయరు అది కూడా రాసింది. చాలాసేపు రాసింది. "ఇంటికెప్పుడొస్తావు?"

"తెలియదు అమ్మలూ."

"పది రోజులా? ఇరవయ్యా?"

"నిజంగా తెలియదు."

పిల్ల పెన్సిలు పుస్తకం మీద కొట్టింది. "అన్నీ చెప్తానని ఇదే చెప్పవు." అప్పటికే తల్లి కళ్లు వాలిపోతున్నాయి, మందులు అలా చేస్తాయి. ఇంకా ప్రశ్నలు సగం ఉన్నాయి. నర్సు వచ్చి టైమైందంది. తల్లి లేచి కూతుర్ని దగ్గరికి తీసుకుంది గానీ ఆ చేతుల్లో బలం లేదు. గుమ్మం దాటాక లాయరు, "సరిగ్గా పట్టుకోలేదు," అంది. ఆ మాట అన్నది తనతోనే అని బస్సెక్కాక గానీ అతనికి తట్టలేదు. మూడు రోజుల తర్వాత అదే మొదటి మాట.

ఆమె మరో పద్దెనిమిది రోజులకు ఇంటికి వచ్చింది. షాపులో మొదట సగం పూట ఇచ్చారు. కొన్ని ఉదయాలు లేచి టీ పెట్టేది. కొన్ని ఉదయాలు గోడవైపు తిరిగి, "ఇవాళ బాగాలేదు. మందు వేసుకున్నాను. ఆ ఆలోచనలేమీ లేవు, ఒట్టి నీరసమే," అని చెప్పేది. అలా చెప్పాలని ముగ్గురూ కూర్చుని అనుకున్నారు. విన్నాక లాయరు సరేనని తలూపి బడికి తయారయ్యేది. ఒక్కోసారి సరే అనకుండా సంచి నేలకేసి కొట్టేది కూడా. అమ్మమ్మ మాత్రం వీధిలో ఎవరడిగినా నడుంనొప్పి అన్న పాత మాటే చెప్తూ వచ్చింది. ఒకరోజు మెట్ల మీద మనవరాలు పక్కన ఉండగానే చెప్పబోయి, పిల్ల ముఖం చూసి, "ఒంట్లో బాగోలేదులెండి" దగ్గర ఆగింది. ఆవిడ అక్కడిదాకా రాగలిగింది.

అతనికి మాత్రం ఓపిక రాలేదు. పాడైన లిఫ్టు బాగుచేశాక సంతకం పెట్టించుకుని వచ్చేస్తే పనైపోయినట్టే. ఇక్కడ బాగైందని సంతకం పెట్టేవాళ్లు ఎవరూ లేరు. డాక్టరమ్మను అడిగితే ఆర్నెల్లు అంది, ఏడాది కావచ్చు అంది. మళ్లీ రావచ్చని కూడా అంది.

ఒక ఆదివారం మధ్యాహ్నం భార్య పడుకుని ఉంది, అత్తగారు కొడుకు ఇంటికి వెళ్లింది. అతను అంట్లు తోముతుంటే లాయరు తుడిచి అరలో పెడుతోంది. ఒక గ్లాసు సరిగ్గా తుడవలేదని అతను కసిరాడు. రెండో గ్లాసు చేతిలోంచి లాక్కుని తనే తుడిచాడు.

పిల్ల తువ్వాలు భుజాన వేసుకుని నిలబడింది. "నాన్నా, నువ్వు బాగున్నావా?"

"బాగున్నాను. నాకేం?"

పిల్ల అలాగే చూస్తూ నిలబడింది. కుళాయి కారుతోంది. అతను దాన్ని కట్టేశాడు.

"లేదు," అన్నాడు. "బాగాలేను. విసుగ్గా ఉంది."

"ఎవరి మీద?"

"అందరి మీదా. ఆసుపత్రి మీద, అమ్మమ్మ మీద. అమ్మ మీద కూడా, తప్పని తెలిసినా వస్తోంది. నీ మీద కూడా కొంచెం."

లాయరు ఆ మాటలో ఎక్కడైనా అతుకు ఉందా అన్నట్టు కాసేపు ఆలోచించింది.

"నాకూ అంతే," అంది. "నీ మీద ఎక్కువ."

"సరే," అన్నాడు అతను.

పిల్ల చెయ్యి చాచింది. అతను తర్వాతి కంచం కడిగి అందించాడు.